చూడి ఎలుకకు ఫ్లుయోక్సెటిన్, పిల్లల ప్రవర్తన కొలత: ప్రయోగశాలలో నా అనుభవం

గర్భంతో ఉన్న తల్లి ఫ్లుయోక్సెటిన్ లాంటి డిప్రెషన్ మందు వాడితే, బిడ్డ పెద్దయ్యాక ప్రవర్తనలో తేడా వస్తుందా? మనుషుల మీద ఈ ప్రశ్నకు సూటిగా ప్రయోగం పెట్టలేం. సగం మంది గర్భిణులకు మందిచ్చి, సగం మందికి ఆపి, పిల్లలు పెద్దయ్యేదాకా చూస్తామంటే ఏ నైతిక కమిటీ ఒప్పుకోదు. ఎలుకలో అదంతా నాలుగైదు నెలల పని. మూడు వారాల చూలు, మూడు వారాల పాలు, ఆపైన మరో రెండు నెలల్లోపు పిల్ల పెద్ద ఎలుక అయిపోతుంది. ఈ విషయం మీద వచ్చిన పేపర్లలో చాలా భాగం ఎలుకల మీదా చిట్టెలుకల మీదా చేసినవి కావడానికి కారణం అదే.

పిల్లను బెదురు కొలిచే ప్లస్ మేజ్‌లో దించేసరికే ఫలితం చాలావరకు ఖరారై ఉంటుందని నా అభిప్రాయం. మందు ఎలా ఇచ్చాం, తల్లి కుదురుగా ఉందా బెదిరి ఉందా, ఏ పిల్ల ఏ ఈతలోది (ఏ కాన్పులోది) అన్నవే దాన్ని తేలుస్తాయి. పేపర్లలో పరీక్షల వివరాలు పేజీలకొద్దీ ఉంటాయి, మందిచ్చిన తీరు మూడు వాక్యాల్లో అయిపోతుంది. ఇక్కడ ఆ పాళ్లు తిరగేసి రాస్తున్నాను.

రోజుల లెక్క

ఎదకొచ్చిన ఆడ ఎలుకను సాయంత్రం మగదాని బోనులో వదులుతాం. పొద్దున్నే డ్రాపర్‌తో రెండు చుక్కల సెలైన్ యోనిలోకి వదిలి, వెనక్కి లాగి, స్లైడ్ మీద వేసి మైక్రోస్కోపులో చూస్తాం. వీర్యకణాలు కనిపిస్తే ఆ రోజు నుంచి చూలు లెక్క. కొన్ని ప్రయోగశాలలు దాన్ని 0వ రోజు అంటాయి, కొన్ని 1వ రోజు అంటాయి. ఇరవై రెండు రోజుల చూలులో ఒక రోజు తేడా చిన్నది కాదు. వేరేవాళ్ల పద్ధతి అనుసరించే ముందు వాళ్ల లెక్క ఎక్కడ మొదలైందో చూసుకోవాలి.

ఆ ఒక్క రోజు గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ మందు పనిచేసేది నరకణాల మధ్య సంకేతాలు మోసే సెరటోనిన్ అనే రసాయనం మీద; దాని పని పెద్ద మెదడులో ఒకటి, పెరిగే మెదడులో ఇంకొకటి. పెరిగే మెదడులో అది నరాలు ఎటు సాగాలో, ఎక్కడ ఆగాలో చెప్పే సంకేతం. ఎలుక పిండంలో సెరటోనిన్ కణాలు చూలు 12వ రోజు ప్రాంతంలో తలెత్తుతాయి. అంతకుముందు, అవి తలెత్తిన కొత్తలోనూ, మెదడు ముందు భాగానికి అందే సెరటోనిన్ మాయలో (ప్లాసెంటాలో) తయారై వస్తుందని 2011లో చిట్టెలుకల్లో చూపించారు. పుట్టిన మొదటి పది రోజులు ఇంకో విచిత్రం ఉంది. సెరటోనిన్‌ను సొంతంగా తయారుచేయని థాలమస్ (స్పర్శ లాంటి కబుర్లను మెదడు పైపొరకు చేరవేసే భాగం) నరాలు కూడా ఆ కొద్దికాలం దాన్ని లోపలికి పీల్చుకుంటాయి. పీల్చుకునే ఆ ద్వారాన్నే ఈ మందులు మూసేస్తాయి. సెరటోనిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ లేకుండా పుట్టిన చిట్టెలుకల్లో, మీసాల స్పర్శను అందుకునే మెదడు పటం సరిగా ఏర్పడలేదు. అంటే సెరటోనిన్ మోతాదు మించినా చిక్కే.

ఎలుక పిల్ల మనిషి బిడ్డలా నెలలు నిండి పుట్టదు. పుట్టిన రోజున దాని మెదడు ఇంకా మనిషి గర్భం మధ్య దశలోనే ఉంటుంది. మనిషి చివరి మూడు నెలలకు సరిపోయే దశ ఎలుకలో పుట్టిన తరువాతి వారం, పది రోజులు. కాబట్టి చూలు 11 నుంచి 20వ రోజు దాకా మాత్రమే మందిచ్చి "గర్భకాలమంతా" అని రాస్తే, మనిషి లెక్కలో సగమే చూసినట్టు. దీనికి ఎదురు చివర 2004లో సైన్స్ పత్రికలో వచ్చిన పని ఉంది. అందులో చిట్టెలుక పిల్లలకు పుట్టిన 4 నుంచి 21వ రోజు దాకా ఫ్లుయోక్సెటిన్ నేరుగా ఎక్కించారు. మందు ఎప్పుడో ఆగిపోయినా, పెద్దయ్యాక అవి బెదురుగా, వెనకడుగు వేస్తూ ఉన్నాయి. రంగమంతా దాని చుట్టూ తిరిగింది. కానీ అక్కడ మందు తల్లి గుండా పోలేదన్న సంగతి, దాన్ని ఉటంకించేవాళ్లలో చాలామందికి గుర్తుండదు.

మందు చేతికొచ్చాక

ఫ్లుయోక్సెటిన్ పొడిగా వచ్చేది హైడ్రోక్లోరైడ్ లవణం రూపంలో. లవణం అణుభారం 345.8, అసలు మందుది 309.3. "కిలోకు 10 మి.గ్రా." అని రాసుకునేటప్పుడు అది లవణమా అసలు మందా అన్నది ముందే తేల్చుకోవాలి. అసలు మందు 10 మి.గ్రా. అందాలంటే లవణం 11.2 మి.గ్రా. తూచాలి. క్యాప్సూల్ మీద రాసే 20 మి.గ్రా. అసలు మందు లెక్క, కాబట్టి క్యాప్సూల్ పొడితో చేసిన పనికీ లవణంతో చేసిన పనికీ చెప్పకుండానే 12 శాతం తేడా వచ్చేస్తుంది.

గొట్టంతో కడుపులోకి పోయడం, అంటే గావేజ్, అన్నిటికన్నా కచ్చితమైన దారి. మి.లీ.కు 2 మి.గ్రా. ద్రావణం చేసుకుని కిలోకు 5 మి.లీ. చొప్పున ఇస్తే కిలోకు 10 మి.గ్రా. అవుతుంది. 250 గ్రాముల ఎలుకకు 1.25 మి.లీ., చూలు చివర్లో 380 గ్రాములకు చేరితే 1.9 మి.లీ. అందుకే రోజూ ఒకే వేళకు తూచి, ఆ రోజు బరువు మీదే లెక్క కట్టాలి. గొట్టంగా వాడే సూది కొన గుండ్రంగా ఉండాలి. పొడవును నోటి నుంచి చివరి పక్కటెముక దాకా బయటే పెట్టి కొలిచి, సూది మీద గుర్తు పెట్టుకోవాలి. తలను వెనక్కి వంచితే నోరూ ఆహారనాళమూ ఒక గీతలోకి వస్తాయి, సూది దాని బరువుకే దిగుతుంది. ఏమాత్రం అడ్డు తగిలినా నెట్టకూడదు, బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. నెడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తల్లీ పోతుంది, ఈతా పోతుంది.

గావేజ్‌తో అసలు చిక్కు వేరే ఉంది. రోజూ పట్టుకుని గొట్టం దించడమే ఎలుకకు పెద్ద ఒత్తిడి, ఆ ఒత్తిడి హార్మోన్ పిండానికీ తగులుతుంది. వట్టి నీళ్లు పోసిన తల్లులను పోలిక కోసం కంట్రోల్‌గా పెడితే సరిపోతుందనుకుంటారు. నా లెక్కలో మూడో గుంపు కూడా కావాలి, అసలు చెయ్యే తగలని తల్లులది. నీళ్లు పోసినవాటికీ వీటికీ మధ్యే పిల్లల్లో తేడా కనిపిస్తే, మందు గురించి మాట్లాడే ముందు గొట్టం గురించి మాట్లాడాలి. ఈ బాధ తగ్గించడానికి మందును వేఫర్ బిస్కెట్ ముక్క మీద చుక్కలుగా వేసి తినిపించే పద్ధతి వచ్చింది. జత కట్టించడానికి వారం ముందు నుంచే మందు లేని ముక్కలతో అలవాటు చేస్తే చేతిలోంచి లాక్కుని తింటాయి. ముక్క పూర్తిగా తిన్నదాకా ఎదురుగా నిలబడి చూడాలి, పొట్టులో పడేసిన తునకలు కూడా లెక్కలోకే వస్తాయి. ఫ్లుయోక్సెటిన్ చేదు, కొన్ని తల్లులు మూడో రోజుకే ముక్కను పక్కన పెడతాయి.

తాగే నీళ్లలో కలపడం అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా నమ్మలేనిది కూడా. ఎలుక 100 గ్రాముల బరువుకు రోజుకు సుమారు 10 మి.లీ. తాగుతుంది. మి.లీ.కు 0.1 మి.గ్రా. కలిపితే 300 గ్రాముల ఎలుక 30 మి.లీ. తాగి 3 మి.గ్రా. తీసుకుంటుంది, కిలోకు 10 అయింది, బాగానే ఉంది. ఈనిన తరువాత పాలిచ్చే తల్లి దాహం రెట్టింపు దాటుతుంది. అదే సీసాలోంచి 60 మి.లీ. తాగితే మోతాదు కిలోకు 20కి చేరుతుంది. మొదట్లో చేదుకు తక్కువ తాగి, తరువాత దాహానికి ఎక్కువ తాగడంతో, కాగితం మీద ఒకటే మోతాదు, నిజంలో ఎక్కుతూ దిగుతూ పోయే గీత. ఇంకా రెండు వారాలు దాటాక పిల్లలే సీసా దగ్గరికొచ్చి నాకుతాయి. ఆ రోజు నుంచి మందు తల్లి నుంచి వస్తోందో సీసా నుంచి వస్తోందో ఎవరూ చెప్పలేరు. సీసాను రోజూ తూచి, తల్లి బరువుతో కలిపి, ద్రావణం గాఢతను మార్చుకుంటూ పోవాలి. అంత ఓపిక ఉంటే వేఫర్ పద్ధతే పెట్టుకోవచ్చు.

చర్మం కింద పెట్టే చిన్న పంపులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ఆల్జెట్ 2ఎంఎల్4 రకం గంటకు 2.5 మైక్రోలీటర్ల చొప్పున 28 రోజులు వదులుతుంది. అంటే రోజుకు 0.06 మి.లీ. ఇక్కడ లెక్క వేయకుండా ఆర్డర్ పెట్టేవాళ్లు దెబ్బతింటారు. ఫ్లుయోక్సెటిన్ లవణం నీటిలో మి.లీ.కు 14 మి.గ్రా. దాకానే కరుగుతుంది. 14ను 0.06తో హెచ్చిస్తే రోజుకు 0.84 మి.గ్రా. 300 గ్రాముల ఎలుకకు అది కిలోకు 2.8. కిలోకు 10 కావాలంటే మి.లీ.కు 50 మి.గ్రా. కరిగించాలి, దానికి ప్రొపిలీన్ గ్లైకాల్ సగం కలపక తప్పదు, కంట్రోల్ పంపులోనూ అదే కలపాలి. పంపు పెట్టడానికి మత్తిచ్చి కోయాలి. పైగా తల్లి బరువు పెరుగుతున్నకొద్దీ పంపు ఇచ్చే మోతాదు కిలోకు తగ్గుతూ వస్తుంది.

కిలోకు 10 మనిషి మోతాదుకు సరిపోతుందా? ఒంటి వైశాల్యం లెక్కన ఎలుక మోతాదును 6.2తో భాగిస్తే మనిషికి కిలోకు 1.6 వస్తుంది, 60 కిలోల మనిషికి రోజుకు 97 మి.గ్రా. మనుషులకు ఇచ్చేది 20 నుంచి 80. చూస్తే ఎక్కువే అనిపిస్తుంది. కానీ మనిషిలో రోజులకొద్దీ నిలిచే ఈ మందు ఎలుక ఒంట్లో గంటల్లోనే సగమవుతుంది. అందుకని ఈ గుణకారాల మీద వాదులాడటం కన్నా రక్తం తీసి కొలవడం మేలు. మనిషిలో ఫ్లుయోక్సెటిన్, దాని నుంచి పుట్టే నార్‌ఫ్లుయోక్సెటిన్ కలిపి మి.లీ.కు 120 నుంచి 500 నానోగ్రాముల మధ్య ఉంటే వైద్యానికి సరిపడా ఉన్నట్టు. తల్లిలోనే కాదు, ఈత నుంచి ఒక పిల్లలోనూ కొలవాలి. పాల ద్వారా పిల్లకు చేరేది మాయ ద్వారా చేరినదానికన్నా చాలా తక్కువ. ఈనాక కూడా తల్లికి మందిస్తున్నాం కాబట్టి పిల్లకూ అదే స్థాయిలో అందుతోందని అనుకుంటే పొరపాటు.

తల్లి మాటేమిటి

ఆరోగ్యంగా ఉన్న తల్లి ఎలుకకు మందిస్తే వచ్చే జవాబు, ఆరోగ్యంగా ఉన్న తల్లి గురించే. డిప్రెషన్ మాత్ర వేసుకునే గర్భిణి ఆరోగ్యంగా ఉండి వేసుకోవడం లేదు కదా. కనీసం నాలుగు గుంపులు ఉండాలి: ఒత్తిడి లేదు మందు లేదు, ఒత్తిడి లేదు మందు ఉంది, ఒత్తిడి ఉంది మందు లేదు, ఒత్తిడి ఉంది మందు ఉంది. మూడోదీ నాలుగోదీ పోల్చి చూడటమే అసలు ప్రశ్న. డబ్బు చాలక రెండు గుంపులకు కుదించాల్సొస్తే చాలామంది మొదటి రెండే ఉంచుకుంటారు. నేనైతే చివరి రెండు ఉంచుకోమంటాను.

ఒత్తిడికి ఎక్కువగా వాడేది, చూలు 15 నుంచి 20వ రోజు దాకా, రోజుకు మూడుసార్లు, 45 నిమిషాల చొప్పున పారదర్శకమైన గొట్టంలో ఉంచి మీద వెలుతురు వేయడం. ఇంకో దారి ఈనిన తరువాత తల్లికి రోజూ కిలోకు 40 మి.గ్రా. ఒత్తిడి హార్మోన్ కార్టికోస్టెరాన్ ఇవ్వడం. అది ప్రసవం తరువాతి డిప్రెషన్‌కు దగ్గర. రెండూ మనిషి కుంగుబాటుకు నకళ్లు కావు, ఒక ముక్కను మాత్రం పట్టుకుంటాయి.

మందు తిన్న తల్లి తక్కువ తింటుంది, బరువు తక్కువ పెరుగుతుంది, పిల్లలూ కాస్త చిన్నగా పుడతాయి. చిన్నగా పుట్టడం కూడా ప్రవర్తనను మారుస్తుంది, కాబట్టి మేత లెక్క రాయని పని సగం పనే. ఈనాక తల్లి పిల్లలను ఎంతసేపు నాకుతుంది, వీపు వంచి పాలిస్తుందా, పక్కకు ఒరిగి ఇస్తుందా అన్నది పిల్లల బెదురును జీవితాంతం మారుస్తుందని అందరికీ తెలిసిందే. దీన్ని చూసే పద్ధతి విసుగు పుట్టిస్తుంది కానీ తప్పదు: మొదటి ఆరు రోజులు, రోజుకు ఐదుసార్లు, 75 నిమిషాల చొప్పున, మూడు నిమిషాలకోసారి తల్లి ఏం చేస్తోందో ఒక గుర్తు. రోజుకు 125 గుర్తులు. ఇందులో కనీసం ఒక పూట చీకట్లో, ఎర్ర దీపం కింద కూర్చోవాలి.

మందు పిండం మీద పని చేసిందా, తల్లి పెంపకం మీద పని చేసి ఆ దారిన వచ్చిందా అని విడదీయాలంటే పిల్లలను తల్లులకు మార్చాలి. పుట్టిన 24 గంటల్లోపు, మందు తల్లి పిల్లలు మందు లేని తల్లికి, అవి వీటికి. ఇది జరగాలంటే రెండు గుంపుల తల్లులు ఒకే రోజు ఈనాలి. ఎన్ని జతలు కట్టించినా ఇవి చెప్పినరోజున ఈనవు, అందుకే అవసరమైనదానికన్నా సగం ఎక్కువ తల్లులతో మొదలుపెట్టాలి. మార్చే ముందు చేతి తొడుగులను కొత్త గూడు పొట్టులో రుద్దాలి. కొత్త వాసన తగిలితే తల్లి పిల్లలను తినేయవచ్చు.

మొదటి రోజునే ఈతను ఎనిమిదికి కుదిస్తాం, నాలుగు మగ, నాలుగు ఆడ. మగపిల్లకు మలద్వారానికీ జననాంగానికీ మధ్య ఎడం ఎక్కువ. ఒక్కో పిల్లను విడిగా చూస్తే మోసపోతాం, రెండిటిని పక్కపక్కన పెడితే ఇట్టే తెలుస్తుంది. అరికాలిలో చిన్న పచ్చబొట్టు గుర్తు వేస్తే పెద్దయ్యేదాకా ఉంటుంది.

పిల్ల పిలుపులు

ప్రవర్తన పరీక్షల్లో నాకు బాగా నమ్మకమున్నది ఇదే, తేలిగ్గా చెడిపోయేదీ ఇదే. గూట్లోంచి తీసి ఒంటరిగా పెట్టిన పిల్ల మన చెవికి వినపడని అరుపులు అరుస్తుంది, ఎలుకలో 40 కిలోహెర్ట్జ్ చుట్టూ, చిట్టెలుకలో అంతకన్నా పైన. సెకనుకు 2,50,000 సాంపిళ్లు తీసే రికార్డరు ఉంటే చాలు. మూడు నుంచి ఐదు నిమిషాలు రికార్డు చేసి, ఎన్నిసార్లు, ఎంతసేపు, ఏ ఎత్తులో అన్నది లెక్కిస్తాం.

పిల్ల ఎక్కువగా అరిచేది చలికి. ఆ వయసులో ఒంటి వేడిని తను నిలుపుకోలేదు. ఏసీ గాలి నేరుగా తగిలే బల్ల మీద పెట్టి, మొదట కంట్రోల్ ఈతలు, తరువాత మందు ఈతలు చేస్తే మీరు కొలిచింది గది వేడిని. గది ఉష్ణోగ్రత రాయాలి, పిల్ల ఒంటి ఉష్ణోగ్రత ముందూ వెనకా రాయాలి, గుంపులను కలగలిపి చేయాలి. తల్లిని ముందుగా వేరే బోనులోకి తీసి, మిగతా పిల్లలను వెచ్చటి ప్యాడ్ మీద ఉంచాలి. లేకపోతే ఎనిమిదో పిల్ల వంతు వచ్చేసరికి అది మొదటి పిల్ల కన్నా అరగంట ఎక్కువ చల్లబడి ఉంటుంది.

ఇంకా లోతైన చిక్కు మందుదే. సెరటోనిన్ ద్వారాన్ని మూసే మందు ఒంట్లో ఉన్న పిల్ల ఆ క్షణంలోనే తక్కువ అరుస్తుంది. ఇది ఎదుగుదలలో వచ్చిన మార్పు కాదు, మందు పని చేస్తున్న గుర్తు. చూలు చివరి దాకా మందిచ్చి ప్రసవంతో ఆపేస్తే, మొదటి రోజుల్లో మందు ఒంట్లోంచి దిగిపోతున్న పిల్లను కొలుస్తున్నాం. అది ఇంకో సంగతి. ఈ మూడింటినీ విడదీయడానికి ఒకటే దారి: మందు ఉన్నప్పుడు, ఆగిన వెంటనే, ఆగిన చాలా రోజులకు, వేర్వేరు పిల్లలతో కొలవడం.

పెద్దయ్యాక

పుట్టిన 30 నుంచి 40 రోజుల మధ్య ఎలుక పిల్లలు ఆడుకున్నంతగా మళ్లీ ఎప్పుడూ ఆడుకోవు. ఒకటి ఇంకోదాని మెడ వెనక మీదకు దూకుతుంది, అది వెల్లకిలా పడుతుంది, మొదటిది పైన నిలబడుతుంది. మూడున్నర గంటలు ఒంటరిగా ఉంచి, బరువులో 10 గ్రాములకు మించి తేడా లేని తెలియని జోడీతో, ఎర్ర వెలుతురులో 15 నిమిషాలు వదిలి వీడియో తీస్తాం. దూకుళ్లనూ పడగొట్టడాలనూ వేర్వేరుగా లెక్కపెట్టాలి. ఒకటి ఆట అడగడం, రెండోది ఆటకు ఒప్పుకోవడం. పుట్టుకకు అటూ ఇటూ ఈ మందులు అందిన ఎలుకల్లో ఆట తగ్గడం, పెద్ద మగవాటిలో లైంగిక ప్రవర్తన తగ్గడం ఒకటికి మించిన ప్రయోగశాలల్లో కనిపించాయి. బెదురు పరీక్షల్లో మాత్రం పెరిగిందన్నవాళ్లూ, తగ్గిందన్నవాళ్లూ, తేడా లేదన్నవాళ్లూ ఉన్నారు. ఆ కలగాపులగం చూసి నాకు ఆశ్చర్యం లేదు, పైన చెప్పిన మోతాదుల గందరగోళమంతా అక్కడికే వచ్చి చేరుతుంది.

ప్లస్ మేజ్ ఎలుకకు 50 సెం.మీ. ఎత్తులో, ఒక్కో చేయి 50 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు. రెండు చేతులకు గోడలు, రెండింటికి లేవు. ఐదు నిమిషాలు. తెరిచిన చేతుల్లో గడిపిన కాలం తగ్గితే బెదురు ఎక్కువ అంటాం. మూసిన చేతుల్లోకి ఎన్నిసార్లు వెళ్లిందో కూడా తప్పక రాయాలి. అదీ తగ్గితే పిల్ల బెదరలేదు, కదలడమే తక్కువ. ఒకసారి ఎక్కిన ఎలుకకు రెండోసారి ఈ పరీక్ష పనికిరాదు. ప్రతి ఎలుక తరువాత మేజ్‌ను తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి, స్పిరిట్ తడి వాసనే తరువాతి ఎలుకను మూలకు నెడుతుంది. ఆడ ఎలుకల ఎద చక్రం నాలుగైదు రోజులది, పరీక్ష అయ్యాక మొదట్లో చెప్పినట్టు సెలైన్ చుక్కతో స్మియర్ తీసి దశ రాసుకోవాలి. ముందు తీస్తే ఆ పట్టుకోవడమే పరీక్షను చెడగొడుతుంది.

నీళ్లలో ఈదించి, ఎంతసేపు కదలకుండా తేలిందో చూసి "డిప్రెషన్" అని రాసే పరీక్షను నేను వదిలేస్తాను. మందు పనిచేస్తుందో లేదో జల్లెడ పట్టడానికి పుట్టిన పరీక్ష అది. తేలడం నేర్చుకుని ఓపిక దాచుకున్న ఎలుకను కుంగిపోయిందనడం నాకు మనసొప్పదు.

ఎనభై పిల్లలు ఎనభై కావు

గుంపుకు పది ఈతలు, ఈతకు ఎనిమిది పిల్లలు, మొత్తం ఎనభై. కంప్యూటర్లో ఎనభై అని వేస్తే ఏ చిన్న తేడా అయినా "గణనీయం" అయిపోతుంది. మందు తిన్నది పది తల్లులు, ఎనభై పిల్లలు కాదు. ఒకే ఈత పిల్లలు ఒకే గర్భం, ఒకే పాలు, ఒకే తల్లి నాలుకతో పెరిగి ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఆ పోలిక, 0 నుంచి 1 దాకా కొలిస్తే, 0.3 ఉందనుకోండి. ఎనిమిదిలోంచి ఒకటి తీసేసి, ఏడును 0.3తో హెచ్చించి ఒకటి కలిపితే 3.1. ఎనభైని 3.1తో భాగిస్తే 26 కూడా రావు. చేతిలో ఉన్న సమాచారం అంతే. ఒక్కో పరీక్షకు ఒక్కో ఈత నుంచి ఒక మగ, ఒక ఆడ తీసుకోవడం శుభ్రమైన దారి. అందరినీ వాడాలంటే ఒకే ఈత పిల్లల పోలికను లెక్కలోకి తీసుకునే గణాంక పద్ధతి, అంటే ఈతను రాండమ్ ఎఫెక్టుగా పెట్టిన మిక్స్‌డ్ మోడల్ వాడాలి. పాత పేపరు చేతికొస్తే నేను ముందు చూసేది ఇదే. ఎన్ని ఈతలో రాయకపోతే పక్కన పెడతాను.

మందిచ్చినవాళ్లు వీడియో లెక్కించకూడదన్నది అందరికీ తెలుసు. కానీ మందు గుంపు పిల్లలు చిన్నగా ఉంటాయి కాబట్టి తెరమీద చూసినా పోల్చేయవచ్చు. అందుకే లెక్కించేవాళ్లకు గుంపుల పేర్లు దాచడంతో పాటు, అసలు ప్రశ్న ఏమిటో కూడా చెప్పకుండా ఉంచడం మంచిది.

మనుషుల లెక్కల దగ్గరికొస్తే

ఈతతో వచ్చే చిక్కూ, తల్లితో వచ్చే చిక్కూ మనుషుల పరిశోధనల్లోనూ అలాగే ఎదురవుతాయి. 2015లో కెనడాలోని క్యూబెక్ పిల్లల లెక్కల్లో, గర్భం రెండో, మూడో త్రైమాసికాల్లో డిప్రెషన్ మందులు వాడిన తల్లుల బిడ్డల్లో ఆటిజం ముప్పు 87 శాతం ఎక్కువని వచ్చి పత్రికలన్నిటికీ ఎక్కింది. అంతకు రెండేళ్ల ముందే డెన్మార్క్‌లో 6,26,875 జననాల మీద వచ్చిన లెక్క వేరే సంగతి చెప్పింది. గర్భంలో మందు వాడినవాళ్ల పిల్లల్లో ముప్పు 1.20 రెట్లు, అది యాదృచ్ఛికం కావచ్చన్న హద్దుల్లోనే ఉంది. గర్భానికి ముందు వాడి, గర్భంలో ఆపేసినవాళ్ల పిల్లల్లో 1.46 రెట్లు. మందు అసలు అందని పిల్లల్లోనే ముప్పు ఎక్కువ కనబడితే, అది మందుది ఎలా అవుతుంది? తల్లి జబ్బుదో, కుటుంబంలో వచ్చేదో అయి ఉండాలి.

2017లో స్వీడన్ వాళ్లు 15 లక్షలకు పైగా పిల్లల లెక్కల్లో, ఒకే తల్లికి పుట్టి ఒక బిడ్డకు మందు అంది, ఇంకో బిడ్డకు అందని తోబుట్టువులను పోల్చారు. మామూలుగా చూసినప్పుడు కనిపించిన ఆటిజం, ఏకాగ్రత కుదరని అతి చురుకుదనం అయిన ఏడీహెచ్‌డీ తేడాలు తోబుట్టువుల మధ్య కనిపించలేదు. నెలలు నిండకుండా పుట్టే అవకాశం మాత్రం కాస్త ఎక్కువగానే మిగిలింది. ఎలుకల్లో మనం ఒత్తిడి గుంపులు పెట్టి చేసే పనిని వాళ్లు తోబుట్టువులతో చేశారు. అయితే అక్కడే ఆగిపోకూడదు. ఫిన్లాండ్ లెక్కల్లో గర్భంలో ఈ మందులు అందిన పిల్లల్లో 15 ఏళ్ల వయసు నాటికి డిప్రెషన్ నిర్ధారణ 8.2 శాతం ఉంటే, జబ్బు ఉండి మందు వాడని తల్లుల పిల్లల్లో 1.9 శాతమే. మందు వాడినవాళ్ల జబ్బే తీవ్రమైనది కావచ్చు. కౌమారం దాటిన పిల్లలను చూడటం ఇప్పుడే మొదలైందన్నది కూడా నిజం.

ఎలుకల ఫలితం చదివి గర్భిణి తనంతట తాను మాత్ర ఆపేయడం మాత్రం ప్రమాదం. 2006లో వచ్చిన అమెరికా అధ్యయనంలో, గర్భంలో మందు ఆపేసిన స్త్రీలలో 68 శాతం మందికి డిప్రెషన్ తిరగబెట్టింది, కొనసాగించినవాళ్లలో 26 శాతం మందికి. ఆ తిరగబెట్టిన జబ్బు కూడా బిడ్డను తాకేదే. ఆపాలన్నా, తగ్గించాలన్నా, మాయను తక్కువగా దాటే సెర్ట్రలిన్ లాంటిదానికి మారాలన్నా, మందు రాసిన డాక్టరుతోనూ ప్రసూతి డాక్టరుతోనూ కూర్చుని చేయాల్సిన పని. వీలైతే గర్భం రాకముందే. గర్భం మధ్యలో మందు మార్చితే బిడ్డకు ఒకటికి బదులు రెండు మందులు అందుతాయి.

చివరి నెలల దాకా మందు వాడిన తల్లి అయితే ప్రసవం చేసే బృందానికి ఆ సంగతి ముందే చెప్పి ఉంచాలి. అలాంటి బిడ్డల్లో సుమారు 30 శాతం మందిలో మొదటి రోజుల్లో వణుకు, చిరాకు, వేగంగా ఊపిరి తీయడం, పాలు సరిగా పట్టకపోవడం, నిద్ర కుదరకపోవడం కనిపిస్తాయి. కనీసం 48 గంటలు వార్డులో గమనంలో ఉంచితే ఎక్కువ భాగం అక్కడే బయటపడుతుంది. గది మసకగా, నిశ్శబ్దంగా ఉంచి, బిడ్డను ఒంటికి హత్తుకుని, తక్కువ తక్కువగా ఎక్కువసార్లు పాలు పడితే చాలామందికి మందేమీ అక్కర్లేకుండానే రెండు వారాల్లోపు సర్దుకుంటుంది. ఊపిరి కష్టంగా తీస్తున్నా, ఒంటి రంగు నీలంగా మారినా, మూర్ఛ వచ్చినా అది వేరే సంగతి, ఆ నిమిషంలోనే పిల్లల డాక్టరు చూడాలి.